ముందు చక్రానికి శుక్రవారం పూజ

శుక్రవారం ఏడింటికల్లా కారెక్కి ఎండ ముదరకముందే పామర్రులో దిగాలన్నది బసవయ్య ఏర్పాటు. అక్కడ ఆయన బావమరిది, అంటే భార్య శివపార్వతి అన్నయ్య రత్తయ్య, కొత్త ట్రాక్టరు కొన్న సంతోషంలో భోజనాలు పెడుతున్నాడు. పిలుస్తూ కార్డు రాశాడు: "బావగారూ, తప్పక రావలెను. ఎనిమిది గంటల బస్సు ఖాళీగా ఉండును." కారున్న మనిషికి బస్సు టైము ఎందుకు రాశాడో బసవయ్యకు చదవగానే అర్థమైంది. ఆ కార్డు నాలుగు రోజులుగా ఆయన జేబులోనే ఉంది. తను బస్సు దిగితే రత్తయ్య బతికినంతకాలం ఆ మాటే చెబుతాడు. పైగా ఎమర్జెన్సీ రోజులు. రైళ్లే టైముకు నడుస్తున్నాయంటున్నారు, తన కారు నడవకపోవడమేమిటి?

బెజవాడ గవర్నర్‌పేట సందులో ఇంటి ముందు కారుంది. ఎడమవైపు ముందు టైరు మాత్రం నేలకు అతుక్కుపోయి ఉంది.

"పది నిమిషాల పని," అని బసవయ్య చొక్కా విప్పి పానా అందుకున్నాడు. పెళ్లయిన పదేళ్లలో ఆయన పది నిమిషాలు చాలా చూసిన శివపార్వతి పొయ్యి మీద పప్పు పడేసింది.

అది మామూలు చక్రం కాదు. కారు కొన్న ఏడాదిన్నరగా ఆమె అత్తగారు రావమ్మగారు ప్రతి శుక్రవారం దాని ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు అయిదు నట్ల మీదా ధారగా పోసి, తడి మీదే పసుపు రాసి కుంకుమ పెడుతున్నారు. మిగతా మూడు చక్రాలకూ దూరం నుంచి అక్షింతలే. ఈ తెల్లవారుజామునా పూజ అయింది. గాలి లేని సంగతి ఆవిడ చూడలేదు. పూజ వేళ ఆవిడ చూపు నట్ల మీదే గాని టైరు మీద ఉండదు.

బసవయ్య పానా మీద నిలబడ్డా ఒక్క నట్టూ కదల్లేదు. మెకానిక్ సొలొమోనును పిలిపించారు. అతను గోటితో పసుపు గీకి చూశాడు. కింద నట్టూ, అది బిగిసే స్టడ్డూ తుప్పులో ఒకే ముద్దయి ఉన్నాయి.

"దీనిమీద ఇన్నాళ్లూ నీళ్లెవరు పోశారండీ?"

బసవయ్య కళ్లతో సైగ చేశాడు. తల్లి వెనకాలే ఉంది.

"కాలవ గాలండీ," అని సొలొమోను సర్దుకున్నాడు. "తేమ పీల్చేసింది."

"గాలి కాదు నాయనా, దిష్టి," అన్నారు రావమ్మగారు.

సొలొమోను కిరసనాయిలు పోసి, అరగంట నానాలి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి టీకి వెళ్లాడు. రావమ్మగారు చూశారు: శుక్రవారం పూట, కుంకుమ మీద కిరసనాయిలు. చెంబెడు నీళ్లతో శుభ్రంగా కడిగి, మళ్లీ బొట్లు పెట్టి, అపచారం పోవడానికి రెండో కాయ కొట్టారు. వంటింటి కిటికీలోంచి శివపార్వతికి అంతా కనబడుతూనే ఉంది. అత్తగారికి చెప్పి గెలిచిన రోజు ఒక్కటీ గుర్తురాక, పప్పు కలియబెట్టింది.

తిరిగొచ్చిన సొలొమోను కొత్త బొట్లు చూసి కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టేశాడు. బ్లో ల్యాంపు వెలిగించి నట్లన్నీ ఎర్రగా కాల్చాడు. వేడి మీదే తిప్పాలంటూ పైపు కోసం అటు తిరిగాడు. ఇంతలో రావమ్మగారు, చల్లబడాలని, మిగిలిన కొబ్బరినీళ్లు వాటిమీద పోశారు. చుయ్యిమని ఆవిరి లేచింది. ఆవిడ కళ్లకద్దుకున్నారు.

కాలి చటుక్కున చల్లారిన ఇనుము పెళుసెక్కుతుంది. సొలొమోను పానాకు నాలుగడుగుల పైపు తొడిగి, "ముందు కాస్త బిగించండి సార్, అప్పుడు వదులుద్ది," అన్నాడు. అప్పటికే ఎనిమిది దాటింది. బసవయ్య బిగించలేదు, ఒళ్లంతా వేసి వదులు చేశాడు. ఫట్‌మని స్టడ్డు విరిగి నట్టుతో సహా వీధిలో పడింది.

"కాయ బాగా పగిలిందా?" అని లోపలినుంచి రావమ్మగారు అడిగారు.

తొమ్మిదిన్నరకల్లా అయిదూ బాగానే పగిలాయి. చక్రం ఊడింది. తిరిగి బిగించడానికి స్టడ్డంటూ మిగల్లేదు. లేతు మిషను మీద కొత్తవి చేయించాలి, మూడు రోజులన్నాడు సొలొమోను.

పది గంటల బస్సులో తల్లినీ భార్యనీ కూర్చోబెట్టి బసవయ్య నిలబడే వెళ్లాడు. పామర్రు బస్టాండులో రత్తయ్య కొత్త ట్రాక్టరుతో ఎదురుచూస్తున్నాడు. మొదటి బస్సు నుంచీ అక్కడే ఉన్నాడట.

"రండి బావగారూ. కారు వెనకాల వస్తోందా?"

సంగతి తెలిశాక దాన్ని మూడు బంతుల్లోనూ, వడ్డన వడ్డనకీ చెప్పాడు. గోంగూరంటే ప్రాణమిచ్చే బసవయ్య తలవంచుకుని ఒట్టి మజ్జిగన్నంతో లేచాడు. అది శివపార్వతి చూసింది.

ఆమె చెయ్యి కడుక్కొచ్చి అత్తగారి పక్కన కూర్చుంది.

"అత్తయ్యగారూ, మా అన్నయ్య ట్రాక్టరుకి కొన్నరోజు కొట్టిన కాయేనట. పాపం, మా వదినకి మీ పద్ధతి తెలీదు."

రావమ్మగారి ముఖం వెలిగింది. "ఎంతెంత చక్రాలమ్మా అవి. నట్లెన్ని?"

"పెద్దచక్రానికి ఎనిమిదండీ."

రావమ్మగారు రెండు శుక్రవారాలు పామర్రులోనే ఉండి రత్తయ్య భార్య వీరమ్మకు పద్ధతంతా చేయి పట్టి నేర్పారు. తన ట్రాక్టరుకు బెజవాడ పూజ వచ్చిందని రత్తయ్య ఊరంతా చెప్పుకుని, కొబ్బరికాయలు బస్తాలతో తెప్పించాడు.

ఏడాది తిరిగాక అతని దగ్గరినుంచి కార్డొచ్చింది. అందులో క్షేమసమాచారాలేమీ లేవు. సొలొమోను అడ్రసు మాత్రం అడిగాడు.

శివపార్వతి అడ్రసుతోపాటు, పామర్రు నుంచి వచ్చే బస్సుల టైములు కూడా రాసి పంపింది.