స్కూటర్ వెళ్లిన దారిలో కారు

నవంబరు పదహారు, ఆదివారం. ఆ ఉదయం తిన్నది సరోజినికి ఇప్పటికీ గుర్తే: రెండు పెసరట్లు, లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. మూడోది వేసుకోబోయి ఆగిపోయింది. మూడు అంకె అంటే ఆ రోజు ఆమెకు అంత భయం.

గుడివాడలో మోటార్ల షాపు నడుపుతున్న ఆమె కొడుకు సతీష్‌కి ఆ సాయంత్రం నాగాయలంక అవతల పెళ్లిచూపులు. అతనికి ముప్పై మూడు నిండాయి. ఇంతకు ముందు రెండు సంబంధాలు కేవలం దారి తప్పడం వల్లే చెడ్డాయి. మొదటిసారి ఫోన్‌లో మ్యాప్‌ని నమ్ముకుంటే అది ఎవరిదో గడ్డివాము ముందుకు తీసుకెళ్లి నిలబెట్టింది. రెండోసారి ఊరు దొరికేసరికి రాహుకాలం వచ్చేసింది. ఈసారి రాహుకాలం నాలుగున్నరకు. ఆలోపు ఆడపిల్లవాళ్ల గుమ్మం తొక్కకపోతే కొడుక్కిక పెళ్లి కాదని సరోజిని తేల్చేసుకుంది.

దారి చూపించే పని ఆమె అన్నయ్య కాంతారావు తీసుకున్నాడు. ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక కూడా పొద్దున్నే రెండు కప్పుల కాఫీ కలిపి, ఒకటి పారబోస్తూ ఉండేవాడు. ఆ అలవాటు మానడానికి స్కూటర్ మీద ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. తోడుగా అరచేతిలో పట్టే జీపీఎస్ పెట్టె ఒకటి కొనుక్కున్నాడు. దానికి ఫోన్ సిగ్నల్‌తో పనిలేదు. వెళ్లిన దారినంతా తెర మీద ఊదారంగు గీతగా దాచుకుంటుంది. మళ్లీ అడిగితే అదే గీత వెంట తీసుకెళ్తుంది. కిందటి ఆదివారమే ఆయన నాగాయలంక అవతల ఆడపిల్లవాళ్ల ఊరి దాకా స్కూటర్ మీద వెళ్లి ఆ దారి నమోదు చేసుకొచ్చాడు.

చిక్కు వేరే చోట వచ్చింది. సరోజిని భర్త మోకాలి ఆపరేషనై మంచం మీద ఉన్నాడు. మిగిలింది సరోజిని, సతీష్, కాంతారావు.

"ముగ్గురం వెళ్తే పని అవుతుందా అన్నయ్యా?" అంది సరోజిని.

"అదెంత పని! నేను ముందు బస్సులో వెళ్లి వాళ్లింట్లో కూర్చుంటాను. పెట్టె మీ దగ్గర ఉంచండి. ఏమైనా సరే, గీత వదలకండి."

కారు తుడుస్తున్న డ్రైవర్ నాగబాబుకి సందేహం వచ్చింది. "మరి నాతో కలిపితే మీరు ముగ్గురే కదమ్మా?"

"నువ్వు డ్రైవరువి. లెక్కలోకి రావు" అంది సరోజిని.

"డ్రైవరు మనిషి కాదాండీ?"

"దిగాక మనిషివి. తోలుతున్నంతసేపూ కారులో భాగానివి."

కాంతారావు బస్సెక్కి వెళ్లిపోయాడు. కిందటి ఆదివారం తాను వెళ్లిన దారే కాదు, తిరిగిన తిరుగుడంతా ఆ గీతలో ఉందన్న సంగతి ఆయనకు తట్టనే లేదు.

యమగండం దాటాక ఒకటిన్నరకు కారు బయల్దేరింది. ఊరు దాటీ దాటకముందే గీత గుడ్లవల్లేరు వైపు తిరిగింది.

"అమ్మా, ఇది బందరు రోడ్డు. మనం పామర్రు, మొవ్వ మీదుగా కదా వెళ్లాలి?" అన్నాడు సతీష్.

"అక్కడ రోడ్డు తవ్వేసి ఉంటారు. మావయ్య చూసే కదా పెట్టాడు! పోనీ నాగబాబూ."

బందరులో గీత రెండు సందులు తిరిగి ఒక మిఠాయి కొట్టు ముందు ఆగింది. సరోజిని కళ్లు చెమర్చాయి. "చూశావా, వాళ్లింటికి బందరు హల్వా తీసుకెళ్లమని అన్నయ్య ఉద్దేశం. నోటితో చెప్పడు, అంతే." రెండు కిలోలు కట్టించింది. కాంతారావుకి పన్నెండేళ్లుగా షుగరు. ఆయన ఆ కొట్టు దగ్గర ఎందుకు ఆగాడో చెల్లెలికి తెలియకూడదనే ఒంటరిగా వెళ్లాడు.

అప్పటికి కాంతారావు ఆడపిల్లవాళ్లింటి అరుగు మీద, పిల్ల తండ్రి ధర్మారావు పక్కన కూర్చుని ఉన్నాడు. రెండోసారి మజ్జిగ తాగి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నారమ్మా?"

"బందరులో. హల్వా కొన్నాం అన్నయ్యా. నువ్వు పెట్టినట్టే అన్నీ చేస్తున్నాం. కంగారుపడకు."

గీతలో తన తిరుగుడంతా ఉందని కాంతారావుకి అప్పుడు తట్టింది. పక్కనే ధర్మారావు. పైగా పొద్దుటి నుంచీ ఆయనకు ఆ పెట్టె గొప్పతనమే చెబుతున్నాడు. "అది కాదమ్మా, ఆ గీత..." అనేలోపు సిగ్నల్ పోయింది. రొయ్యల చెరువుల మధ్య ఆ ఊళ్లో సిగ్నల్ గాలిని బట్టి వస్తుంది.

"వస్తున్నారాండీ?" అడిగాడు ధర్మారావు.

"వస్తున్నారండీ. జాగ్రత్తగా వస్తున్నారు."

చల్లపల్లి శివార్లలో గీత ఒక పాత ధాన్యం గోడౌన్ చుట్టూ మూడుసార్లు తిరిగింది. కిందటి ఆదివారం గాలికి ఎగిరిపోయిన టోపీ కోసం కాంతారావు తిరిగిన తిరుగుడు అది. సరోజిని గోడౌన్ గోడ మీద వెలిసిపోయిన వినాయకుడి బొమ్మ చూసింది.

"ప్రదక్షిణలు! మూడూ తిరుగు నాగబాబూ."

"మూడంటే మంచిది కాదన్నారుగా అమ్మా?"

"ప్రదక్షిణలకి మంచిదే. నోరు మూసుకుని తిప్పు."

మూడోసారి తిరిగేటప్పుడు గోడౌన్ వాచ్‌మన్ లేచి నిలబడి, ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టాడు.

మోపిదేవిలో స్వామికి కొట్టడానికి సరోజిని కొబ్బరికాయ తెచ్చింది. కానీ గీత అక్కడ ఆగకుండా సాగిపోయింది. ఆమె మనసు చివుక్కుమంది, అయినా దండం పెట్టుకుని ఊరుకుంది. అవనిగడ్డ దాటాక గీత హఠాత్తుగా రోడ్డు దిగి, పొలాల్లోకి పోయే పుంతబాటలో ముప్పై అడుగులు వెళ్లి, ఒక సర్కారు తుమ్మ చెట్టు దగ్గర ఆగి, వెనక్కి వచ్చింది.

ముగ్గురూ దిగి చూశారు. తుమ్మ చెట్టు తప్ప అక్కడేమీ లేదు.

"మావయ్య ఇక్కడికెందుకు వచ్చినట్టు?" అన్నాడు సతీష్.

నాగబాబు చెట్టు వైపు, రోడ్డు వైపు చూసి విషయం గ్రహించాడు. కానీ కారులో భాగం మాట్లాడకూడదు కదా అని ఊరుకున్నాడు.

"అన్నయ్య ఊరికే రాడు. మోపిదేవిలో ఆపలేదంటే కాయ ఇక్కడ కొట్టమనే" అంది సరోజిని. చెప్పులు విప్పి, చెట్టు మొదట్లో కొబ్బరికాయ కొట్టి, రెండు అగరొత్తులు గుచ్చింది. కొడుకు చేత మొక్కించింది.

టైము మూడు యాభై. నాగాయలంక దాటాక గీత చెరువు గట్టెక్కింది. స్కూటర్‌కి సరిపోయే గట్టు అది. సగం దూరం పోయాక కారుకి అటో చెరువు, ఇటో చెరువు. వెనక్కి వెళ్లే వీలు లేదు.

"దిగి నడుద్దామమ్మా" అన్నాడు సతీష్.

"గీత వదలొద్దన్నాడు. పోనీ నాగబాబూ!"

నాగబాబు ఊపిరి బిగబట్టి, నత్తకి దారి ఇస్తున్నట్టు కారు నడిపాడు. గట్టు ముగిసేసరికి నాలుగూ ముప్పై అయిదు. ఎదురుగా ధర్మారావు ఇంటి పెరడు. వీధి గుమ్మం దగ్గర బంధువులంతా కొత్త చొక్కాలతో ఎదురుచూస్తుంటే, పెళ్లివారు చెరువు వైపు నుంచి వచ్చారు.

కారు చప్పుడికి కాంతారావు, ధర్మారావు పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు. "రండమ్మా, లోపలికి రండి" అన్నాడు ధర్మారావు.

సరోజిని వాచీ చూసుకుంది. ఆమె ముఖం పాలిపోయింది. "అయిదు నిమిషాలు దాటిపోయింది అన్నయ్యగారూ. ఆరింటి దాకా మీ గుమ్మం తొక్కను. తొక్కితే ఇదీ పోతుంది." అని అక్కడే తిరగేసి ఉన్న మేత బకెట్ మీద కూర్చుంది. చెల్లెలి ముఖం చూడలేక కాంతారావు చెరువు వైపు తిరిగాడు.

చెరువు దగ్గర పెద్ద గోల అవుతోంది. నీటిని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్ ఒకటి ఆగిపోయింది. మోకాళ్ల దాకా బూట్లు, పాత చుడీదార్ వేసుకున్న అమ్మాయి గట్టు మీద వంగి దాని వైరు లాగుతోంది. ఆమే పెళ్లిచూపుల పిల్ల, యశస్విని. పట్టుచీర లోపల మంచం మీద ఇంకా మడతల్లోనే ఉంది.

"ఇంకో రెండు గంటలు ఆగితే రొయ్యలు చచ్చి తేలిపోతాయి నాన్నా! మెకానిక్ ఫోన్ ఎత్తట్లేదు."

సతీష్ చొక్కా చేతులు మడిచాడు. "కెపాసిటర్ పోయుంటుందండీ. కారులో ఉంది. స్పానర్ ఉందా?"

ఆ తర్వాత గంటా పది నిమిషాలు ఇద్దరూ మోటారు మీదకి వంగి కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో గట్టు మీది పెద్దలకు వినిపించలేదు. రెండుసార్లు అమ్మాయి నవ్వడం మాత్రం వినిపించింది. ఏరియేటర్ తిరిగింది.

చేతులు కడుక్కుంటూ యశస్విని కాంతారావుని తేరిపార చూసింది. "పోయిన ఆదివారం స్కూటర్ మీద వచ్చి మజ్జిగ అడిగింది మీరేగా?"

"ఎవరని అడక్కుండా ఇచ్చావమ్మా. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. ఇంక చూడాల్సిందేమీ కనిపించలేదు" అన్నాడాయన.

చెరువులు కొలిచి లెక్కలు రాసుకునే అమ్మాయికి జీపీఎస్ కొత్త కాదు. సతీష్ దగ్గర పెట్టె తీసుకుని గీత వెనక్కి జరిపింది. "ఇక్కడ బండి దిగారు. నడిచారు. తుమ్మ చెట్టు దగ్గర నాలుగు నిమిషాలు..." ఆగి, కాంతారావు వైపు చూసింది. ఆయన ఆకాశంలో కొంగల్ని లెక్కపెడుతున్నాడు.

"అక్కడ ఏముందమ్మా? ఏ దేవుడు?" ఆత్రంగా అడిగింది సరోజిని.

"దేవుడి సంగతి తెలీదు ఆంటీ. అక్కడ ఆగాక మావయ్యగారికి చాలా హాయిగా అనిపించినట్టుంది" అని పెట్టె ఆయన చేతిలో పెట్టింది యశస్విని. కాంతారావు కళ్లతోనే ఆమెకు దండం పెట్టాడు.

ఆరు దాటాక అందరూ లోపలికి వెళ్లారు. పిల్లా పిల్లాడూ మాట్లాడుకుంటారా అని ధర్మారావు మర్యాదగా అడిగాడు. "అయిపోయింది నాన్నా" అంది యశస్విని. ముహూర్తాల మాట హల్వా తింటూనే జరిగింది. షుగరు సంగతి తెలియని ధర్మారావు కాంతారావుకి రెండు ముక్కలు పెట్టాడు. ఆ రోజు సరోజిని చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఏడున్నరకు తిరుగు ప్రయాణం. కాంతారావు కారులోనే ఎక్కాడు. "ఇప్పుడు నేను కూడా లెక్కేనాండీ?" అన్నాడు నాగబాబు. "నువ్వే నాలుగోవాడివి" అంది సరోజిని. పొద్దుటి నుంచీ తాగిన మజ్జిగలు, టీలు కాంతారావుని అప్పటికే తొందరపెడుతున్నాయి. నాగాయలంక దాటగానే తుమ్మ చెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆపమన్నాడు.

కారు ఆగింది. తుమ్మ చెట్టుకి పసుపు రాసి ఉంది. మొదట్లో మూడు కొబ్బరి చిప్పలు, ఒక దీపం. ఎవరో ఆవిడ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది.

"చూశావా అన్నయ్యా, నీకు ముందే తెలుసు!" అని సరోజిని కూడా దిగి మొక్కి వచ్చింది. "పెళ్లి బస్సు కూడా ఈ దారినే రావాలి. బందరు, గోడౌన్, ఈ చెట్టు, ఏదీ వదలకూడదు. నాగబాబూ, శుభంతో వెళ్తున్నాం. ఇంటికి చేరేదాకా ఇంకెక్కడా ఆపకు."

బందరు మీదుగా గుడివాడ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. కాంతారావు చెప్పులైనా విప్పకుండా నేరుగా లోపలికి నడిచి, బాత్రూం తలుపు మెల్లగా వేసుకున్నాడు.

జేబులో ఇంకా పనిచేస్తూనే ఉన్న పెట్టె, ఆ మజిలీని కూడా నమోదు చేసుకుంది.