సగం గుండూ, బెల్లం ఫైలూ

ఆ ఉదయం బెల్లం షాపులో పావని చేయవలసిన పనులు ఇవి: బెల్లం దిమ్మలు వరసగా పేర్పించాలి, రుచి చూడడానికి ముక్కలు పళ్ళెంలో సర్దాలి, కుర్చీలు తుడిపించాలి, కంప్యూటర్లో ల్యాబు రిపోర్టు తెరిచి ఉంచాలి. మధ్యాహ్నానికి పై రాష్ట్రం నుంచి కొనేవాళ్ళు వస్తున్నారు. బెల్లంలో రసాయనం కలవలేదని ఆ రిపోర్టు చూస్తేనే బేరానికి కూర్చుంటారు.

మొదటి మూడు పనులూ చకచకా అయిపోయాయి. నాలుగోది పాస్‌వర్డ్ అడిగింది.

ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టింది పెద్ద గుమస్తా చంద్రమౌళి. పెట్టాలని నేర్పింది పావనే. ఆయనేమో తలనీలాల మొక్కు తీర్చుకోవడానికి పొద్దున్నే ఉపమాక గుడికి వెళ్ళాడు. పావని ఆయన కూతురి పేరు కొట్టింది, బండి నంబరు కొట్టింది, ఊరి దేవత నూకాలమ్మ పేరు కూడా కొట్టింది. ఫైలు చలించలేదు.

యజమాని భీమశంకరరావు గొంతు పెంచే మనిషి కాదు. "వచ్చినోళ్ళు వెనక్కెళ్ళిపోతే, రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

బుచ్చయ్యపేటలో చెరకు పండించే తన ఇంట్లో మొదటి డిగ్రీ పావనిదే. ఉద్యోగంలో చేరి నెల కూడా నిండలేదు. చంద్రమౌళికి ఫోన్ చేసింది. ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. భార్య రామతులసి ఎత్తింది.

"పాస్‌వర్డా? తెలుసమ్మా. ఒకరి పేరే అది. నేను మాత్రం చెప్పను."

"అదేటండీ! ఎవరి పేరండీ?"

"పాతికేళ్ళ కాపరంలో ఆ పేరు నా నోట రాలేదు. ఇప్పుడు నువ్వడిగేవని వత్తాదా?" అని పెట్టేసింది.

స్పీకర్లో విన్న సింహాచలం, కాటా దగ్గర బెల్లం తూచేవాడు, తల పంకించాడు. "ఎవుర్తో ఉన్నాది బాబూ. ఊరికే గుండు సేయించుకుంతారేటి? పాపం కడుక్కోడానికి ఎల్లేడు."

"నోర్ముయ్" అని భీమశంకరరావు వాణ్ణి కసిరి, వెంటనే భార్యకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

ఆవిడ ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని రామతులసిని ఓదార్చడానికి వెళ్ళింది. "ధైర్యంగా ఉండు వదినా" అంటూ అందరూ చేతులు పట్టుకునేసరికి, దారిలో భర్తకేదో అయిందనుకుని రామతులసి గొల్లుమంది. ఆ ఏడుపుతో అందరికీ అనుమానం తీరిపోయింది. యజమాని ముందే తేల్చుకుందామని ఆమెను షాపుకు నడిపించుకొచ్చారు. ఈలోగా సింహాచలం బండి మీద ఉపమాక వెళ్ళి, క్షురకుడి ముందు కూర్చున్న చంద్రమౌళిని "ఇంటికాడ ఏడుపులు బాబూ" అని ఉన్నపళాన లేపుకొచ్చాడు.

కొనేవాళ్ళు బెల్లం ముక్క చప్పరిస్తుండగా చంద్రమౌళి పరుగున లోపలికొచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు జారింది. ఎడమవైపు నున్నగా ఉంది. కుడివైపు జుట్టు జుట్టులాగే ఉంది.

"ఎవరి పేరు పెట్టేవయ్యా?" అన్నాడు భీమశంకరరావు.

"నా పేరేనండి."

రామతులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొగుడి పేరు నోటితో ఎలా చెప్తానండీ?"

పావనికి ఒళ్ళు మండింది. "సొంత పేరు ఎవరైనా పెట్టుకుంటారేటి బాబాయిగారూ!"

"ఎవరూ పెట్టుకోకూడదని నువ్వే చెప్పేవు. ఎవరూ ఊహించనిది పెట్టమనీ నువ్వే చెప్పేవు. రెండూ కలిపి ఆలోచించేనమ్మా."

ఫైలు తెరుచుకుంది. కొనేవాళ్ళు దానివైపు చూడనే లేదు, చంద్రమౌళి తలవైపే చూశారు. రిపోర్టు చూపించడానికి దేవుడి మొక్కు సగంలో ఆపుకొచ్చిన మనిషి బెల్లంలో ఏం కలుపుతాడని బేరానికి కూర్చున్నారు.

"రేపు కాస్త పెందలాడే రామ్మా" అన్నాడు భీమశంకరరావు పావనితో.

మీరెప్పుడైనా పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు రామతులసిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. మిగతా సగం కోసం ఉపమాకలో క్షురకుడు ఇంకా ఎదురు చూస్తున్నాడు.