నాలుగు ఆరులు, ఆరు నాలుగులు

"లెక్కలో మాటకు చోటు లేదు! మాట ఈరోజు ఒకలా ఉంటుంది, రేపు ఇంకోలా ఉంటుంది. అంకె నిన్నా నేడూ రేపూ ఒక్కటే! అంకె ఉండగా మాటెందుకు?"

బడులకు సామాను సరఫరా చేసే ఆఫీసులో లెక్కల అధికారి ఈ మహాసత్యాన్ని ప్రకటించగానే గుమాస్తాలందరూ లేచి చప్పట్లు కొట్టారు. మాటలు అనవసరమని చెప్పడానికి ఆయన ముప్పావుగంట మాట్లాడాడన్న సంగతి చాలామందికి తట్టలేదు. తట్టినవాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

ఆయనకు లెక్కల పులి అని పేరు. ఎవరు పెట్టారయ్యా అంటే ఎవరికి వాళ్ళు పక్కవాణ్ణి చూపిస్తారు గానీ, పులికి మాత్రం ఆ పేరంటే ప్రాణం. పులి పనల్లా వచ్చిన కాగితాన్ని తిప్పి పంపడం. బడివాళ్ళు తమకేం కావాలో రాసి పంపే కాగితాన్ని ఆ ఆఫీసులో ఇండెంటు అంటారు. పులి హయాంలో తొలిసారికే గట్టెక్కిన ఇండెంటు లేదు. అందుకోసం ఆయన రెండు నియమాలు కనిపెట్టాడు. ఒకటి, ఇండెంటులో అంకెలే తప్ప అక్షరం కనిపించకూడదు. బడి పేరు కూడా వద్దు, బడికో నంబరుంది కదా! రెండోది, సామాను ముందు, చోటు తర్వాత. ఐదు గదులకు రెండేసి బీరువాలు కావాలంటే రెండు ఇంటూ ఐదు అని రాయాలి. ఐదు ఇంటూ రెండని రాస్తే ఆ కాగితం వచ్చిన దారినే వెళ్తుంది.

అంతటి పులీ గుమ్మం దాటి ఇంట్లోకి రాగానే పిల్లి అయిపోయేవాడు. ఇంట్లో మూడో తరగతి చదివే కూతురుంది మరి.

"నాన్నా, మా బడికి బెంచీలెప్పుడొస్తాయి? కింద కూర్చుని రాస్తే మోకాలు అడ్డమొస్తోంది. నా ఏడు చూడు, ఒకటిలా ఉంది!"

"వస్తాయి బుజ్జీ. మీ టీచరమ్మని ఇండెంటు పంపమను. నా బల్ల మీదికొస్తే ఒక్క నిమిషం పని."

"పంపిందట. తిప్పి పంపేశారట."

"ఎవడాడు?" అన్నాడు పులి, నిజంగానే కోపమొచ్చి. "ఏ విభాగమో కనుక్కో. పసిపిల్లల్ని నేలమీద కూర్చోబెట్టే దుర్మార్గుడెవడో నేను చూస్తాను!"

వంటింట్లోంచి భార్య తొంగి చూసి, ఏదో అనబోయి, మళ్ళీ గరిటె పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

ఇలా ఉండగా బడిలో గుణకారం మాటల లెక్కల పరీక్ష పెట్టారు. పదికి పది వచ్చినవాళ్ళు ఆ ఏడాదంతా బోర్డు మీద లెక్కలు రాసి తోటి పిల్లలచేత చేయిస్తారు. బుజ్జికి ఆ సుద్దముక్క చేతికి రావాలని ఎంత ఆశో! ఎక్కాలు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పులి అయితే పరీక్ష జరగకముందే ఆఫీసంతా చెప్పేశాడు. "మా అమ్మాయికి పదికి పది! పులి కడుపున పులే పుడుతుంది!" పై అధికారి కూడా నవ్వి, "ఒకసారి చూడాలయ్యా మీ పులిపిల్లని" అన్నాడు. ఆ రోజు పులి కాళ్ళు నేలమీద ఆనలేదు.

సాయంత్రం పరీక్ష కాగితం ఇంటికొచ్చింది. పదికి తొమ్మిది.

ఆరు బుట్టలున్నాయి, ఒక్కో బుట్టలో నాలుగు బంతులున్నాయి, మొత్తం బంతులెన్ని అన్నది లెక్క. బుజ్జి ఆరు ఇంటూ నాలుగు, ఇరవై నాలుగు అని రాసింది. దాని చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి ఉంది. బుజ్జి ఏడవలేదు. కాగితం చాప మీద పెట్టుకుని వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకుంటోంది. ఎన్నిసార్లు పెట్టినా ఇరవై నాలుగే వస్తోంది.

"నాన్నా, ఇరవై నాలుగు కాదా?"

ఆ గొంతు విని పులి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఆఫీసుకు ఆలస్యమైనా ఫరవాలేదని తిన్నగా బడికెళ్ళాడు. ఆ బడి గడప ఆయన తొక్కడం అదే మొదలు. చేర్పించింది, ఫీజు కట్టింది, మాట్లాడింది అన్నీ భార్యే. మూడో తరగతికి పాఠం చెప్పేది హెడ్మిస్ట్రెస్సే. వరండాలో బోర్డు తుడిచే గుడ్డ దులుపుతోంది. మనిషి నెమ్మది. కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది.

"ఇదేం అన్యాయం మేడమ్! ఆరు నాలుగులన్నా ఇరవై నాలుగే, నాలుగు ఆరులన్నా ఇరవై నాలుగే! పసిదాని మార్కు మింగేస్తారా? ఏది ముందు రాస్తే ఏమిటంట? కొంప మునుగుతుందా? ఎవరు పెట్టారీ బుద్ధిలేని నియమం?"

పులి గొంతుకు గదుల్లోంచి పిల్లలూ టీచర్లూ బయటికొచ్చి నిలబడ్డారు.

"సామాను ముందు, చోటు తర్వాత, సార్" అంది హెడ్మిస్ట్రెస్. "బంతులు సామాను, బుట్ట చోటు. 'ఇది మీ పిల్లలకైనా నేర్పండి, పెద్దయ్యాక పనికొస్తుంది' అని ఒక పెద్దమనిషి చెప్పారు. నేర్పుతున్నాను."

పులికి ఆ మాటలు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో ఏమిటి, తన నోట్లోంచే విన్నాడు! ఎవరో ఆడమనిషి తన బల్ల ముందు నిలబడితే, తల ఎత్తకుండా, ఇండెంటు మీద అడ్డంగా గీత కొడుతూ అన్నమాట!

"మీరు తలెత్తలేదు కాబట్టి నేను గుర్తుండకపోవచ్చు" అందామె. "మొదటిసారి 'ఆరు గదులకు గదికి నాలుగు చొప్పున ఇరవై నాలుగు బెంచీలు' అని తెలుగులో రాశాను. మాటలున్నాయని తిప్పి పంపారు. తర్వాత ఆరు ఇంటూ నాలుగు అని రాశాను. తలకిందులుగా ఉందని తిప్పి పంపారు. ఇప్పుడు నాలుగు ఇంటూ ఆరు అని రాసి పంపాను. మీ బల్ల మీదే ఉంటుంది."

పసిపిల్లల్ని నేలమీద కూర్చోబెట్టిన దుర్మార్గుడెవడో పులికి తెలిసిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఆఫీసు వేరు మేడమ్... బడి వేరు..."

"అలాగే సార్. ఆ నియమం తప్పని మీరు ఒక్క మాట చెప్పండి. ఇక్కడే, అందరి ముందూ. ఇప్పుడే దిద్దేసి మార్కిచ్చేస్తాను."

ఒక్క మాట! అన్ని మాటలు మాట్లాడిన పులి నోట ఆ ఒక్కటీ ఊడిపడలేదు. "ఆఫీసుకు టైమయింది" అని గొడుగు అక్కడే మర్చిపోయి వచ్చేశాడు.

అయితే పులి హృదయం లేనివాడేం కాదు. ఆఫీసుకు రాగానే ఆ ఇండెంటు వెతికి పట్టుకుని, చెమట తుడుచుకుంటూ సంతకం పెట్టేశాడు. నాలుగు ఇంటూ ఆరు, ఇరవై నాలుగు. ఒక్క అక్షరం లేదు, సామాను ముందుంది, ముచ్చటగా ఉంది! బెంచీలొస్తే బుజ్జి మార్కు సంగతి మర్చిపోతుందని ఆయన లెక్క. పైగా పై అధికారి చేత రిబ్బను కోయిస్తే, మార్కు ఒకటి తక్కువైనా పులిపిల్లను చూపించినట్టూ ఉంటుంది.

కాగితం గోదాముకెళ్ళింది. అక్కడి గుమాస్తా మంచివాడు. అతనికి లోకం పద్ధతే తప్ప పులి పద్ధతి తెలీదు. తెలియజేయాలంటే మాటల్లో రాయాలి, మాటలేమో నిషిద్ధం! నాలుగు ఇంటూ ఆరు అంటే నాలుగు గదులకు ఆరేసి అనుకున్నాడు. సెలవు రోజు చూసి లారీ పంపాడు. కూలీలు కాపలావాడి దగ్గర తాళాలు తీసుకుని, గేటు పక్కనున్న నాలుగు గదుల్లో ఆరేసి బెంచీలు కుక్కి, ప్రతి బెంచీ మీదా గది నంబరు నల్లరంగుతో వేసేశారు. ఒక గది సామాను ఇంకో గదికి కదిపితే ఆఫీసు అనుమతి కావాలన్నది కూడా పులి నియమమే. ఇలాంటివి ఆయన దగ్గర బోలెడున్నాయి.

మర్నాడే ప్రారంభోత్సవం! పై అధికారి రిబ్బను కోశాడు. మొదటి గది తలుపు సగమే తెరుచుకుంది, వెనక బెంచీ అడ్డం. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాడు. లోపల టీచరు బోర్డు దగ్గరికి చేరాలంటే రెండు బెంచీలెక్కి దిగాలి.

"భేష్! సామాను పుష్కలంగా ఉందయ్యా" అన్నాడు పై అధికారి పొట్ట తడుముకుంటూ. "మీ పులిపిల్ల గదేదీ?"

పులి ఛాతీ విరుచుకుని ముందు నడిచాడు. వరండా చివర మూడో తరగతి. తలుపు బార్లా తెరుచుకుంది, అడ్డమేముంది గనక! నున్నటి నేల. నేలమీద పిల్లలు. ముందు వరసలో బుజ్జి, మోకాలి మీద పలక.

"బెంచీలేవయ్యా?"

"ఉన్నాయి సార్! మొత్తం సరిపోయింది! ఇరవై నాలుగు! కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు!"

"మొత్తం సరే. ఇక్కడివేవి?"

హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఆరు గదులకు నాలుగేసి అడిగామండీ. నాలుగు గదులకు ఆరేసి వచ్చాయి. కదుపుకోడానికి లెక్కల అధికారిగారు అనుమతివ్వాలి. పొరపాటు జరిగిందంటేనే అనుమతట."

"అయితే పొరపాటా, కాదా?" అన్నాడు పై అధికారి. "ఏమయ్యా, ఆరు నాలుగులూ నాలుగు ఆరులూ ఒకటేనా, వేరా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! ఒకటే అంటే, ఇండెంటు ఎందుకు తిప్పి పంపావంటారు. వేరే అంటే, మొన్న వరండాలో నిలబడి ఎందుకరిచావంటారు, కూతురి మార్కూ గోవిందా! పులి చొక్కా కాలరు వదులు చేసుకున్నాడు.

"అంటే సార్... ఒక విధంగా ఒకటే... ఒక విధంగా..."

అప్పుడు బుజ్జి లేచి నిలబడింది. తండ్రిని ఇరికించాలని కాదు, పాపం. చెమటలు పడుతున్న నాన్నకు తేలిక లెక్క ఒకటిచ్చి ఆదుకుందామనుకుంది.

"నాన్నా, నేనో మాటల లెక్క చెప్తాను, చెయ్యి. బడిలో ఆరు గదులున్నాయి. నాలుగు గదుల్లో ఆరేసి బెంచీలేశారు. మూడో తరగతి పిల్లలు ఎక్కడ కూర్చున్నారు?"

పులి ఆ నేల వంక చూశాడు. బుజ్జి మోకాలి మీద పలక అంచు నొక్కుకున్న గుర్తు ఎర్రగా ఉంది. అది చూసేసరికి ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"కింద" అన్నాడు మెల్లిగా.

"కరెక్ట్! పదికి పది!" అని చప్పట్లు కొట్టింది బుజ్జి. పిల్లలందరూ కొట్టారు. పులి ఉద్యోగంలో విన్న చప్పట్లన్నిటిలో భయం లేకుండా కొట్టినవి అవే.

పులి చొక్కా చేతులు మడిచాడు. మొదటి గదికెళ్ళి బెంచీకి ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస హెడ్మిస్ట్రెస్‌ని పట్టమన్నాడు. బెంచీలు కదిలాయి. భోజనాల వేళకల్లా ఆరు గదుల్లోనూ నాలుగేసి సర్దుకున్నాయి. ఇక్కడితో ఆపితే పులి మారిపోయాడని చెప్పి మనం ఇళ్ళకు వెళ్ళిపోవచ్చు. కానీ అనుమతి కాగితంలో కారణం దగ్గర ఆయనేం రాశాడో చెప్పకపోతే పాపం తగులుతుంది. పొరపాటు అని రాయలేదు. 'గాలీ వెలుతురూ నిమిత్తం' అని రాశాడు.

మర్నాడు ఆఫీసులో మళ్ళీ సమావేశం.

"లెక్కకు మాటే ప్రాణం! మాట లేని అంకె గుడ్డిది! అంకె ఎంత అని చెబుతుంది, ఎవరికి అని చెప్పదు! చాలాకాలంగా నేనిదే ఆలోచిస్తున్నాను!"

గుమాస్తాలు లేచి, మొన్న ఎలా కొట్టారో అలాగే కొట్టారు. ఒక కొత్త గుమాస్తా మాత్రం అనుభవం లేక అడిగాడు. "సార్, మాటలున్నాయని మనం తిప్పి పంపిన ఇండెంట్లున్నాయి కదా. వాళ్ళు మాటలన్నీ కొట్టేసి మళ్ళీ పంపారు. ఏం చేద్దాం?"

"మాటలు లేవని తిప్పి పంపు!" అన్నాడు పులి.

సాయంత్రం ఇంటికొచ్చి, ఈ మాట గొప్పతనం గురించి భార్యకు మొదటినుంచీ చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విని, మంచినీళ్ళిచ్చింది. బుజ్జి పరీక్ష కాగితం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఎర్రసున్నా అలాగే ఉంది.

"నాన్నా, బెంచీ మీద కూర్చుని రాస్తే నా ఏడు ఏడులాగే వస్తోంది. టీచరమ్మ మార్కు కూడా ఇస్తానంది. సుద్దముక్క కూడా నాకేనట."

"అదీ! నేనన్నానా లేదా!"

"నువ్వు ఒక్కసారొచ్చి, ఆ నియమం తప్పు అని అందరి ముందూ ఒక్క మాట చెప్తే చాలట."

"ఇంకేం మరి, వెళ్ళి చెప్పి రండి" అంది భార్య. "లెక్కకు మాటే ప్రాణమని మీరేగా అన్నారు!"

పులి మంచినీళ్ళు ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. కూతురి తల నిమిరాడు, కాగితం అందుకున్నాడు, జేబులోంచి కలం తీసి ఎర్రసున్నా ముందు తానే పెద్దగా ఒకటి వేసి, పదికి పది చేసి చూపించాడు.

"ఇదిగో బుజ్జీ" అన్నాడు. "అంకె ఉండగా మాటెందుకమ్మా?"