నాన్నా యని నోరుజారిన పిచ్చుక దిగ్విజయము

మార్తాండుడు నడినెత్తికెక్కి రేకుల కప్పును పెనమువలె కాల్చుచుండగా, ముసలి ఫ్యాను కటకటారావములతో దద్దరిల్లు తొమ్మిదవ తరగతి గదియందు, నెత్తురుచుక్కయైన చిందకుండ జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను, చెవులొగ్గి వినుడు.

ముందు బెంచీకి మకుటాయమానయు, నిశితపెన్సిలాయుధధారిణియు నగు పిచ్చుక యను బాలిక, బీజగణితారణ్యమున దారితప్పి, దక్షిణహస్తమును జెండాకొయ్యవలె పైకెత్తి, గుబురుమీసభాసురుడగు లెక్కల మాస్టారినుద్దేశించి ఎలుగెత్తి పలికెను:

“నాన్నా, ఈ మైనస్ ఎక్కణ్ణుంచొచ్చింది?”

క్షణకాలము ఫ్యాను సైతము నివ్వెరపోయెను. పిమ్మట తరగతి యెల్ల ప్రళయపయోధివలె పొంగి, బల్లలు చరచి నవ్వెను. అంతలో విరామపు గంట మ్రోగగా, పరిహాసశరాఘాతమున చెవులు కమిలిన పిచ్చుక కుళాయి చాటునకు పరువెత్తి, గట్టు తెంచుకొనజూచు అశ్రుసేనను రెప్పల కవాటములు బిగించి నిలువరించుచుండెను. పొడుగు అను నెచ్చెలి వెంటనే వచ్చి చేరెను.

“ఏడుస్తున్నావా?”

“లేదే. సుద్దపొడి పడింది.”

“రెండు కళ్లలోనూనా?”

“నేనిక లోపలికి రాను. బడి మారిపోతా. కాదు, ఊరే మారిపోతా.”

“మారుదువులే, ముందు మొహం కడుక్కో. పోయినేడాది నేను హెడ్‌మిస్ట్రెస్ గారితో ఫోన్లో మాట్లాడి, మా అమ్మమ్మ అనుకుని చివర్లో ముద్దు పెట్టేశా. బతికే ఉన్నాగా!”

పుక్కిట బట్టిన నీళ్లు ముక్కునుండి వచ్చునట్లు పిచ్చుక నవ్వెను.

విరామానంతరమును లెక్కలే. మాస్టారింకను రాకమునుపే చివరి బెంచీ సామ్రాట్టు గర్జించెను. “ఏమ్మా, మీ నాన్న ఇంట్లో కూడా లెక్కలే చెప్తారా?”

క్రోధాగ్ని భగ్గుమనెను. నాలుక యను అంబులపొదినుండి తిట్లు తామై దూకబోయెను. పిచ్చుక గుటక వేసి, ఆ తిట్లను కడుపులోనికి తరిమి, “చెప్తారు. నువ్వూ రా, నీకూ అవసరమే” అనెను. సామ్రాట్టు సైతము పకపక నవ్వెను.

మాస్టారు వచ్చెను. పర్వతభారమైన పిచ్చుక చేయి మరల లేచెను.

“సార్, ఆ మైనస్ ఇంకోసారి చెప్తారా?”

“చెప్తా నాన్నా, ఇలా చూడు...”

గది మరల పేలెను. గుబురుమీసములు గిలగిలలాడెను. ఈసారి అందరికంటె బిగ్గరగా నవ్వినది పిచ్చుకయే. మాస్టారు బ్రాకెట్టును ఛేదించి, మైనస్‌ను లోనికి నడిపించి, “అర్థమైందా?” అని యడిగెను. కన్నులన్నియు ఆమెపై వ్రాలెను. తలయూపినచో సంకటము తీరును! ఎల్లప్పుడును ఊపుచు వచ్చిన తలయే!

“కాలేదు సార్.”

వెనుకనుండి సామ్రాట్టు నీరసముగా పలికెను. “నాకూ కాలేదు సార్.”

జయము జయము! పూలవాన కురియలేదు, దుందుభులు మ్రోగలేదు. మాస్టారు నల్లబల్ల తుడిచి లెక్కను మొదటినుండి మొదలిడెను.