సెలవులో ఆగిపోయిన గుమాస్తా

కాలువల రికార్డు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు నడింపల్లి ధర్మారావును ఆషాఢంలో ఒక మంగళవారం వర్చువల్ మెషిన్‌గా మార్చారు. ఆ మర్నాటి నుంచి ఆయన స్టార్ట్ కాలేదు. మార్చడంలో వింతేమీ లేదు. అంతకుముందు వారమే ఆఫీసులోని పాత కంప్యూటర్లు ఐదింటిని అలాగే మార్చారు. లోపలున్నదంతా మక్కీకి మక్కీ కాపీ తీసి సర్వర్‌లో పెట్టుకుని, పెట్టెల్ని స్టోర్‌రూములో పడేశారు. ఉత్తర్వులో "పాత సామగ్రి" అని ఉంది. ధర్మారావు బల్ల మీది కంప్యూటర్‌కు పదకొండేళ్ళు, ధర్మారావు సర్వీసుకు ముప్పై ఒక్క ఏళ్ళు. రెండింట్లో ఏది పాతదో తేల్చడానికి కమిటీ అక్కర్లేకపోయింది.

పైగా ఆయన లేకపోతే ఆఫీసు నడవదు. డెల్టాలో ఏ పిల్లకాలువ మీద ఏ తూము ఎప్పుడు కట్టారో, అందులోంచి ఎవరి చేనుకు నీళ్ళు వెళ్ళాలో ఆయనకు కంఠతా వచ్చు. అలాంటి మనిషిని రిటైర్ చేసి పంపేయడం ఎంత దుబారా.

నాలుగో రోజున ఆయన భార్య అనసూయకు కబురొచ్చింది. ఆమె వెళ్ళేసరికి ధర్మారావు స్టోర్‌రూములో, పాత సీలింగు ఫ్యాన్ల పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్ళు మూసి ఉన్నాయి. చొక్కా జేబు మీద పసుపు పెయింటుతో, పనికిరాని సామానుకు వేసే కండెమ్ నంబరు వేశారు. ఆమె కొంగుతో ఆయన మొహం మీది దుమ్ము తుడిచింది. పెయింటు మాత్రం పోలేదు. మంచి చొక్కా, పాడు చేశారు.

"ఈయన్నే మళ్ళీ ఆన్ చేసేస్తే సరిపోద్ది కదండీ," అంది.

"ఒకే పేరుతో ఇద్దరు నడవకూడదండి," అన్నాడు ఖాదర్. సర్వర్ చూసే మెకానిక్ అతను. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్థుడు. "గొడవైపోద్దండి. ఎవరు సంతకం పెట్టారో తెలీదు."

సూపరింటెండెంటు వైదేహి గారు అసలు సంగతి చెప్పారు. పదిహేను రోజుల్లో స్టార్ట్ కాకపోతే సర్వర్‌లో జాగా ఖాళీ చేసేయాలి. స్టోర్‌రూములోని సామాను ఈలోగానే వేలానికి వెళ్ళిపోతుంది. అప్పుడు ధర్మారావు అక్కడా ఉండరు, ఇక్కడా ఉండరు. "మీరు ఇంట్లో మనిషి కదమ్మా, ఆయన పొద్దున్నే ఎలా మొదలవుతారో మీకే తెలియాలి," అన్నారావిడ.

అనసూయ తనకు తెలిసింది చెప్పింది. మొదటి తప్పు కుర్చీ దగ్గరే దొరికింది. సర్వర్ లోపల ఆయనకు కొత్త కుర్చీ చూపించారు. ఆయన వెతికేది తువ్వాలు పరిచిన పాత కుర్చీ. అది దొరక్క నిలబడే ఉన్నారు. ఖాదర్ పాత కుర్చీనీ తువ్వాలునీ లోపల పెట్టాడు. ధర్మారావు కూర్చున్నారు, కానీ ఇంక కదల్లేదు. హాజరు పట్టీ ఎదురుగా లేనిదే ఆయన పెన్ను మూత తీయరని అనసూయ చెబితే, పట్టీ పెట్టారు. అప్పుడు తెర మీద ఒక లైను వచ్చి ఆగిపోయింది.

అనసూయకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కనబడలేదు. ఖాదర్ చదివి పెట్టాడు.

"ఈ రోజు సెలవు. అనసూయను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళవలెను."

జరిగింది ఇదీ. ఆ మంగళవారం ధర్మారావు సెలవు పెట్టారు. సెలవులో ఉన్నవాణ్ణి మారిస్తే పని నష్టం ఉండదు కదా అని ఆఫీసువాళ్ళు ఆ రోజే ఆయన్ని పిలిపించారు. అలా కాపీలోకి వచ్చింది సెలవులో ఉన్న మనిషి.

కళ్ళ ఆపరేషన్ సంగతి అనసూయ రెండేళ్ళుగా చెబుతోంది. ఆయన ఊఁ కొట్టడమే కానీ విన్నట్టు కనబడలేదు. విన్నారన్నమాట. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది.

"ఆ సెలవేదో అయిపోయిందని చెప్పండి బాబూ. లేస్తారు."

"అవ్వాలంటే ఆయన మిమ్మల్ని తీసుకెళ్ళాలండి. ఆయనకి కాళ్ళు లేవు కదండీ. రద్దు చెయ్యడవే మార్గం."

రద్దు దరఖాస్తు మీద సెలవు పెట్టినవాడే సంతకం చేయాలి. ఆయనేమో స్టార్ట్ కావడం లేదు. వైదేహి గారు పాత ఫైళ్ళన్నీ తిరగేసి ఇంకో దారి కనిపెట్టారు. సెలవుకు కారణమే లేదని తేలితే, సెలవు దానంతటదే పోతుంది. అనసూయ తన కళ్ళకు ఏ జబ్బూ లేదని రాసిస్తే చాలు.

ఖాదర్ మాత్రం కీబోర్డు మీంచి చేతులు తీశాడు. "ఒక్క మాట చెప్పాలండి. ఈ లైను తీసేస్తే మీ పేరు కూడా పోద్దండి. ఆయన లోపలంతా వెతికానండి. అనసూయ అని ఈ ఒక్కచోటే ఉంది."

అందులోనూ వింత లేదు. ధర్మారావు భార్యను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆయన "ఇదిగో" అనేవారు, ఆమె పలికేది. ఆ ఇదిగోలు లోపల నలభై వేల చిల్లర దొరికాయట. ఎవరిని పిలిచినవో మాత్రం ఎక్కడా రాసి లేదు. దరఖాస్తు కాగితం గనక తప్పనిసరై ఆ ఒక్కసారి పేరు రాశారు.

గడువుకు ఇంకా ఐదు రోజులున్నాయి. అనసూయ ఆ ఐదు రోజులూ వచ్చి, ఆ లైను ముందు కూర్చుని వెళ్ళింది. మసకగా తెల్లటి గీతలా కనబడేది. చివరి రోజున సాయంత్రం నాలుగింటికి కాగితం అడిగి, వేలితో తడుముకుంటూ సంతకం పెట్టింది. ధర్మారావు నాలుగు సెకన్లలో స్టార్టయ్యారు. రికార్డు ప్రకారం ఆమె కళ్ళు బాగున్నాయి కాబట్టి ఆఫీసు ఇచ్చిన ఆసుపత్రి కార్డు కూడా వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు ఆమె ఆఫీసులో ఆయన తెర పెట్టిన మూడో కిటికీ దగ్గర రైతుల వెనక నిలబడింది. తన వంతు వచ్చింది.

"చెప్పండమ్మా, ఏ గ్రామం?" అన్నారు ధర్మారావు. గొంతు ఆయనదే.

ఏం చెప్పాలో తోచక ఆమె పుట్టింటి ఊరు చెప్పింది. కొమ్మరలంక. ఆయన ఆ ఊరి కాలువ సంగతంతా చెప్పారు, వాళ్ళ నాన్న చేను పక్క తూముతో సహా. ఆమె మధ్యలో అడ్డం వచ్చినా విసుక్కోలేదు, పేపరు తిరగేయలేదు. మొత్తం విని, "ఇంకేమైనా అడగాలామ్మా?" అన్నారు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ ప్రశ్న వినలేదు.

అప్పటి నుంచి రోజూ పదిన్నరకు వెళుతోంది. ఏం అడగాలో ముందురోజే ఆలోచించి పెట్టుకుంటోంది. డెల్టాలో కాలువలకు కొదవ లేదు.

"మావారు ఈమధ్య బాగా మాట్లాడతన్నారండి," అని పక్కింటి రత్నంతో అంది ఒక సాయంత్రం. "మనం చెప్పేది ఆసాంతం వింటన్నారు."

రత్నం లోపల టీవీ ముందు కూర్చున్న తన భర్త వైపు కాసేపు చూసింది. ఆయన్నీ అలా మార్పించుకోవాలంటే ఏయే కాగితాలు కావాలని అడిగింది. అనసూయ వరసగా చెబుతుంటే, ఉండమని లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చుకుంది.