అర ఇడ్లీ ఉపవాసం

ఆ ఆదివారం పొద్దున దేవసహాయం వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. చర్చిలో సంఘ వార్షికోత్సవ ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడతాడు. బిర్యానీ పెట్టించుకుంటాడు. నలుగురితో మాట్లాడుతూ మూడు చెంచాలు తిని, మిగతాది చేతులు కడిగే చోట ఉన్న డబ్బాలో ఎవరూ చూడకుండా వేసి ఇంటికొచ్చేస్తాడు.

"అన్నం పారెయ్యడం పాపం కాదాండీ?" అంది భార్య డోరా, అతని తలకు కొబ్బరినూనె పట్టిస్తూ. ఆపరేషన్ అయిన మూడో నెల నుంచి అతని జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. కొన్నాళ్లు ఊడి మళ్లీ వస్తుందని డాక్టరు చెప్పినా, డోరా కొబ్బరినూనె మీద నమ్మకం వదులుకోలేదు.

"అయితే నిజం చెప్పెయ్యమంటావా?"

"చెప్తే ఏమవుతుంది? దొంగతనం చేశారా ఏమన్నా?"

దొంగతనం చెయ్యలేదు. అంతకన్నా ఇబ్బందైన పని చేశాడు. గొప్పలు చెప్పుకున్నాడు. నూట ముప్ఫై కిలోల దేవసహాయం కొత్త సంవత్సరం నాడు చర్చి మెట్లెక్కుతూ ఆయాసపడుతుంటే, "జెర పైలం అన్నా, మెట్లు మొన్ననే ఏసిండ్రు" అన్నాడు యేసురాజు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "మందులూ ఆపరేషన్లూ చేతకానివాళ్లకి. మగాడన్నవాడు నోరు కట్టుకుంటే చాలు. ఈ ఏడాది చూస్తుండు" అన్నాడు దేవసహాయం. ఆరు వారాలు నోరు కట్టుకుని రెండు కిలోలు పెరిగాడు. ఆ తరవాత ఆఫీసు ట్రైనింగుకి విశాఖపట్నం వెళ్తున్నానని అందరికీ చెప్పి, ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో చేరి, పొట్టను కోయించుకుని అరటికాయంత మిగుల్చుకున్నాడు. విశాఖ ఎలా ఉందని అడిగినవాళ్లకు సముద్రం బాగుందని చెప్పాడు. ఎలా తగ్గావు అన్నవాళ్లతో, నోరు కట్టుకున్నానని చెప్పాడు.

ఇప్పుడతను ఒక పూటకు నాలుగు చెంచాలకు మించి తినలేడు. అలాంటి పూటలు రోజుకు ఆరు ఉండాలి. ప్రతి ముద్దా ఇరవైసార్లు నమలాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. తిననప్పుడు మాత్రం రోజంతా గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. అది ఆపితే మళ్లీ ఆసుపత్రి మంచమే అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

"నాకు వదిలెయ్ డోరా. నేను మేనేజ్ చేస్తా" అన్నాడు దేవసహాయం. పాతిక కిలోలు తగ్గినా అతని ధీమా మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు.

విందు దగ్గర వడ్డిస్తున్నది యేసురాజే. రెజిమెంటల్ బజార్‌లో అతనికి బల్బుల కొట్టుంది. సంఘంలో ఏ విందైనా గరిటె మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. అలవాటు కొద్దీ దేవసహాయం పళ్లెంలో నిండు గరిటె వంచబోయాడు. బిర్యానీ వాసన తగలగానే దేవసహాయం ఒకడుగు వెనక్కి వేశాడు. పథకం మరిచిపోయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క చెంచా చాలు."

గరిటె గాల్లో ఆగింది. వెనక వరుస కూడా ఆగింది.

"ఏందన్నా, ఒంట్ల మంచిగ లేదా?"

"నాకేం? దివ్యంగా ఉన్నా."

"మరి గిదేంది, చెంచానా? ఈస్టరు నాడు సుత నువ్వు తినలే. నేను చూసిన."

వెనక ఇరవైమంది వింటున్నారు. నిజం మొదలుపెడితే విశాఖపట్నం నుంచి మొదలుపెట్టాలి. దేవసహాయం గొంతు సవరించుకుని గంభీరంగా అన్నాడు. "కొన్ని సంగతులు మనిషికీ దేవుడికీ మధ్యనే ఉండాలి తమ్ముడూ."

అతని వెనకే రోసమ్మ నిలబడి ఉంది. ఆవిడకు డెబ్భై దాటాయి. సంఘంలో ఎవరికి ఏం జరిగినా వాళ్లకన్నా ముందు ఆవిడకు తెలుస్తుంది. దేవసహాయం వదులైన చొక్కాను, జారిపోతున్న ప్యాంటును, చివరికి నిగనిగలాడుతున్న తలను పరీక్షగా చూసింది.

"ఉపవాసం" అంది గుసగుసగా. రోసమ్మ గుసగుస గేటు దాకా వినిపిస్తుంది.

"అబ్బే, ఉపవాసం కాదండీ."

"కాదనే అంటావు నాయనా. ఉపవాసం ఉన్నవాడు పైకి చెప్పుకోకూడదు, తలకి నూనె రాసుకుని మామూలుగా కనపడాలి. వాక్యం ఎరిగినవాడివి కదా. చూడండర్రా, ఎంత నూనె రాశాడో!"

అందరూ చూశారు. డోరా ఆ రోజు కొంచెం ఎక్కువే పట్టించింది.

అప్పటి నుంచి దేవసహాయం కాదన్నకొద్దీ ఆ మాట గట్టిపడింది. చిలకలగూడలోని అతని ఇంటికి సాయంత్రాలు జనం రావడం మొదలైంది. మోకాలి నొప్పికి రోసమ్మ వచ్చింది. ట్రాన్స్‌ఫర్ ఆగాలని ఒకరు, ఇంజనీరింగు చదివే కొడుకు గట్టెక్కాలని ఒకరు వచ్చారు. ఉపవాసం కాదంటే నవ్వి ఊరుకుంటున్నారు కానీ లేచి వెళ్లడం లేదు. దిక్కుతోచక దేవసహాయం వాళ్ల కోసం నిజంగానే ప్రార్థన చేసేవాడు. వారం వారం అతను ఇంకాస్త సన్నబడేవాడు. వాళ్ల నమ్మకం అంత బలిసేది. వెనకబడడం ఇష్టం లేని యేసురాజు, తాను కూడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ల మీదే ఉంటున్నానని సంఘంలో ప్రకటించాడు.

కష్టమంతా తిండి దగ్గరే వచ్చింది. ఉపవాసం ఉన్న మనిషి ఇంట్లో టీ ఇచ్చినా ఎవరూ ముట్టరు. వాళ్లు కదిలేదాకా డోరాకూ తినే వీలు లేదు. దేవసహాయం మాత్రం ఉడికించిన గుడ్డు ముక్క జేబులో వేసుకుని బాత్రూములోకి వెళ్లి, గోడ వైపు తిరిగి, ఇరవైసార్లూ నమిలి వచ్చేవాడు. "లోపల మోకరించినట్టున్నాడు, తలుపు కొట్టకండి" అనేది రోసమ్మ బయటి నుంచి.

"మీకు ఆకలి లేదు, బాగానే ఉంది. నేనేం పాపం చేశాను?" అంది డోరా.

తరవాత పొద్దున కూడా జనం రావడం మొదలయ్యేసరికి దేవసహాయం నేరేడ్‌మెట్ దారిలో ఒక టిఫిన్ సెంటర్ వెతుక్కున్నాడు. సంఘం వాళ్లెవరూ అటు రారు. ఆఫీసుకు వెళ్లేముందు అక్కడ ఒక ఇడ్లీ తీసుకుని, సగం కోసి పక్కనబెట్టి, మిగతా సగాన్ని ప్రశాంతంగా తినేవాడు. కొన్నాళ్లు చూసి హోటలు యజమాని సోమయ్య ఇంక ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు.

"ఏందీ సార్, నా ఇడ్లీల ఏమన్న ఖరాబున్నదా? అర్ధ ఇడ్లీ తిననీకి అర్ధగంట పడుతున్నది మీకు."

"నీ ఇడ్లీ బంగారం సోమయ్యా. నా పద్ధతే అంత."

"గట్లనే తినుండ్రి, నాకేం తక్లీఫ్ లేదు. గని గీ ముంగట టేబుల్ మీద కూసోకుండ్రి. మీరు నమలంగ జూసి గిరాకీ ఎనక్కి మళ్లుతున్నది. ఇడ్లీ రాయి లెక్కున్నదనుకుంటుండ్రు. జెర లోపలికి పోండ్రి."

దేవసహాయం ప్లేటు పట్టుకుని, ముద్ద నములుతూ, లోపలి గదిలోకి వెళ్లాడు. అక్కడ ఒక్కటే బల్ల ఉంది. దాని ముందు యేసురాజు కూర్చుని పూరీలు తింటున్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తన పని అయిపోయిందనుకున్నాడు దేవసహాయం. దవడ కదలకుండా ఆపాడు. ఏదో ఒకటి చెబుదామంటే నోట్లో ముద్ద ఉంది, ఇంకా పదిసార్లు నమలాలి. ఆ నిశ్శబ్దాన్ని యేసురాజు భరించలేకపోయాడు.

"నన్ను దేవులాడుకుంట ఈడిదాంక వచ్చినవా అన్నా?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు తోడు కూసొనీకి ప్లేట్ల ఇడ్లీ సుత పెట్టించుకున్నవ్. తినలే. నన్ను ఒక్క మాట సుత అనకపోతివి!"

దేవసహాయం గట్టిగా తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా, నువ్వేం అనకు. నాకు సమజైంది." యేసురాజు పూరీల పళ్లెం పక్కకు తోసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. పూరీల బిల్లు దేవసహాయమే కట్టాడు. ఆ సంగతి కూడా ఆదివారం యేసురాజు సంఘం ముందు నిలబడి చెప్పిన సాక్ష్యంలో వచ్చింది.

ఆ సాక్ష్యం విని పాస్టరు లూకా గారు కదిలిపోయారు. "శుక్రవారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం దాకా సంఘమంతా ఈ హాల్లోనే ఉందాం. నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాస ప్రార్థన చేద్దాం. బ్రదర్ దేవసహాయం ముందుండి నడిపిస్తారు" అని ప్రకటించారు.

"నీళ్లు కూడానా అయ్యగారూ?" అన్నాడు దేవసహాయం లేచి నిలబడి.

"మీకదో లెక్కా బ్రదర్!" అన్నారు లూకా గారు ఆప్యాయంగా.

ఆటోలో ఇంటికి బయల్దేరారు. చిలకలగూడ మలుపు తిరిగాక డోరా అంది. "శుక్రవారం సాయంత్రానికే మీరు పడిపోతారు. ఆ ఆసుపత్రి బెంచీ మీద నేను మళ్లీ కూర్చోను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మేనేజ్ చేస్తానని దేవసహాయం అనలేదు. వాళ్ల పెళ్లయ్యాక అతను ఆ మాట అనకపోవడం అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున హాలు నిండిపోయింది. దేవసహాయం ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"నేను ఉపవాసం లేను. ఎప్పుడూ లేను. రోజుకి ఆరుసార్లు తింటున్నాను."

"ఆమెన్!" అన్నాయి వెనక బెంచీలు.

"నిజం చెప్తున్నా! పొద్దున ఇడ్లీ, మళ్లీ గుడ్డు, మధ్యాహ్నం చేప ముక్క, తరవాత పెరుగు..."

"ఎంత అణకువో చూడండి" అంది రోసమ్మ కళ్లొత్తుకుంటూ.

ఇక మాటలతో పని జరగదని దేవసహాయానికి తెలిసిపోయింది. చొక్కా పైకెత్తాడు. పొట్ట మీద చిన్న చిన్న కోతల గుర్తులున్నాయి. ముందు బెంచీలో కూర్చున్న రోసమ్మ వేలు చూపించి లెక్కపెట్టింది.

"ఐదు!" అంది. "ప్రభువుకున్నట్టే ఐదు గాయాలు!"

ఇద్దరు ముగ్గురు మోకరించారు. అప్పుడు డోరా లేచింది.

"గాయాలు కాదమ్మా, కుట్లు. డాక్టరు వేసినవి. ఈయన విశాఖపట్నం వెళ్లలేదు, ఏ సముద్రమూ చూడలేదు. లావు తగ్గడానికి పొట్టకి ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ రోజు నేను బయట బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఇంతమంది ఉండి కూడా నా పక్కన కూర్చునేవాళ్లు లేకపోయారు. మీరు నవ్వుతారని ఈయన ఎవరికీ చెప్పనివ్వలేదు." చేతిలోని నీళ్ల సీసా మూత తీసి మొగుడికిచ్చింది. "తాగండి. అందరూ చూస్తారు, చూడనివ్వండి."

దేవసహాయం తాగాడు. గుక్క తరవాత గుక్క, సంఘమంతా చూస్తుండగా తాగాడు. ఇన్నాళ్లలో నీళ్లు అంత తియ్యగా ఎప్పుడూ లేవు.

"మరి ఆ రోజు హోటల్ల?" అన్నాడు యేసురాజు లేచి.

"నేనూ తినడానికే వచ్చా తమ్ముడూ. నిన్ను చూసి పారిపోదామనుకున్నా."

"అరె! మంచి పూరీలు ఇడిచిపెట్టి వస్తినే" అన్నాడు యేసురాజు బాధగా.

ఇక మిగిలింది తిట్లేనని దేవసహాయం తల వంచుకున్నాడు. రోసమ్మ బెంచీ పట్టుకోకుండా లేచి నిలబడింది.

"అదంతా సరే. నా మోకాలి కోసం ప్రార్థన చేశావా, లేదా?"

"చేశానమ్మా. రోజూ చేశాను."

"తిని చేశావా, తినకుండానా?"

"తినే."

రోసమ్మ కాలు ఒకసారి ఆడించి చూసుకుంది. తరవాత పాస్టరు వైపు తిరిగింది. "మోకాలైతే తగ్గింది అయ్యగారూ. ఆరుసార్లు తిని చేసినా దేవుడు వింటున్నాడు కదా, మరి మనమెందుకు ఎండగట్టుకోవడం?"

హాల్లో చాలామంది ఆ ప్రశ్నను శ్రద్ధగా ఆలోచించారు. లూకా గారు వాళ్ల ముఖాలు చూశారు. ఉపవాసం ఎవరికీ బలవంతం కాదనీ, ప్రార్థన మాత్రం అనుకున్నట్టే ఆదివారం దాకా జరుగుతుందనీ ప్రకటించారు. ఆయన ఆ వాక్యం ముగించేలోపే యేసురాజు స్కూటరు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. సోమయ్య ఇడ్లీలూ పూరీలూ గంపతో దిగాయి.

డోరా స్టీలు గిన్నెలో అర ఇడ్లీ పెట్టి మొగుడి చేతికిచ్చింది. "ఇక్కడే, అందరి ముందూ తినండి" అంది. దేవసహాయం సంతోషంగా చెంచా ఎత్తాడు. ఈలోగా చుట్టూ జనం మూగారు. ఆపరేషన్ నొప్పి పుడుతుందా, షుగరు ఉన్నవాళ్లకి చేస్తారా, మా వదినకి పనికొస్తుందా అని పూరీలు తింటూ అడుగుతున్నారు. నోట్లో ముద్ద ఉంటే మాట్లాడకూడదు, మాట్లాడాలంటే ముద్ద పెట్టుకోకూడదు. దేవసహాయం చెంచా కింద పెట్టి, గొంతు సవరించుకుని, అసలు మనిషన్నవాడికి ఆపరేషన్ ఎందుకు అవసరమో మొదటి నుంచి వివరించసాగాడు.

ఆ ఉపవాస కూడికలో ఆ పూట పస్తున్నది దేవసహాయం ఒక్కడే.