భాస్కరం గారు కంప్యూటర్‌లో ఉన్నారు

తణుకులో కొప్పిశెట్టి భాస్కరం గారు మంగళవారం ఉదయం టిఫిను తిన్నాక తన కంప్యూటర్‌లోకి వెళ్లిపోయారు. ఆ నెలలో ఊళ్లో అలా వెళ్లినవారిలో ఆయన మొదటివారేమీ కాదు కాబట్టి వీధిలో ఎవరూ ఆగి చూడలేదు. ఆయన ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. తెర మీద ఏ ప్రకటన వచ్చినా చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అన్నచోట నొక్కేయడం ఆయనకు అలవాటు. ఈ అలవాటు లేని పుణ్యాత్ములెవరైనా ఉంటే ఒకసారి చూడాలని ఉంది. ఆ రోజు ఏం రాసి ఉందో తెలియదు గానీ, ఆయన అంగీకరించారు. కుర్చీ ఖాళీ అయింది.

ఆయన భార్య సత్యవేణి గారు వంటింట్లోంచి వచ్చేసరికి భాస్కరం గారు తెర మీద వేలెడంత మనిషిగా, బొమ్మల వరసల మధ్య పచార్లు చేస్తున్నారు.

“ఏవండీ, బయటికి రండి. కాఫీ చల్లారిపోతంది.”

“దారి తెలిస్తే రానా? నువ్వే ఎవరికన్నా ఫోన్ చెయ్యి,” అన్నారాయన. గొంతు మాత్రం ఇంట్లో ఉన్నప్పటిలాగే ఉంది.

ఇలాంటి వారి కోసం ప్రభుత్వం ఒక సహాయ కేంద్రం పెట్టింది. సత్యవేణి గారు ఫోన్ చేస్తే అక్కడ ఆదిశేషు అనే అధికారి మర్యాదగా మాట్లాడాడు.

“మీ ఆయన మానిటర్‌లో ఉన్నారాండీ, సీపీయూలో ఉన్నారాండీ?”

“ఆ టీవీ లాంటి దాంట్లో బాబూ.”

“అలా రాసుకోడానికి వీల్లేదండి. సరైన మాట చెప్తేనే ఫిర్యాదు కింద లెక్క. సర్లెండి, ఒకసారి ఆపేసి మళ్లీ వెయ్యండి.”

సత్యవేణి గారికి తెలిసిన కంప్యూటర్ అంటే ఆ తెరే. బల్ల కింద ఉన్న పెట్టె మీద ఆవిడ ఊరగాయ జాడీ పెట్టుకునేవారు. అందుకని తెరకున్న మీట నొక్కారు. చీకటైంది. మళ్లీ నొక్కారు. భాస్కరం గారు అక్కడే ఉన్నారు.

“కరెంటు పోయిందేంటే?” అని అడిగారు.

ఆపి వేసినా ఫలితం లేకపోయింది కాబట్టి లోపం యంత్రానిది కాదు, వాడేవారిదే అని కేంద్రం తేల్చింది. నిబంధన ప్రకారం ఆవిడను సాంకేతిక పదాల తరగతిలో చేర్చుకున్నారు. నిజానికి ఈ పదాలు మామూలు జనానికి ఎందుకన్నది ఊళ్లో పాత తగాదాయే. “అన్నం తినేవాడికి వరి ఊడ్పులు ఊడ్చడం రావాలా?” అని భాస్కరం గారు అరుగు మీద ఎందరి నోళ్లో మూయించారు. ఇప్పుడు మాత్రం లోపలి నుంచి, “నేర్చుకో, నేర్చుకుంటే పోయేదేముంది?” అంటున్నారు. తన దాకా వస్తే గానీ తెలియదంటే ఇదే.

ఏ పదం ముందు, ఏ పదం వెనక అని పండితులు కొట్టుకోకుండా పాఠాలన్నీ అక్షరక్రమంలో పెట్టారు. సత్యవేణి గారు శ్రద్ధగా వెళ్లారు. ఐకాన్ నేర్చుకున్నారు, కర్సర్ నేర్చుకున్నారు, ఫోల్డర్ నేర్చుకున్నారు. ఇంటికొచ్చి ఆ మాటలన్నీ ఆయనకు అప్పజెప్పేవారు. పెళ్లయ్యాక ఆయన ఆవిడ మాట అంతసేపు వినడం అదే మొదలు. ఎదురుగా కూర్చుని, లేచిపోయే దారిలేక, అన్నీ విన్నారు. ఆవిడకది ఎంతో బాగుండేది. పొద్దుపోయాక తెర ఆపేసి, దోమలు కుట్టకుండా దానిమీద లేసు గుడ్డ కప్పేవారు. ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు కోతలు కూడా వాళ్ల జోలికి రాలేదు.

‘ర’ దగ్గర రీస్టార్ట్ వచ్చింది. తెర ఆపితే కంప్యూటర్ ఆగదనీ, అసలుది కింది పెట్టె అనీ మాస్టారు చెప్పారు. సత్యవేణి గారికి సిగ్గేసింది, వెంటనే ప్రాణం లేచొచ్చింది. ఆటో ఎక్కి ఇంటికొచ్చి జాడీ పక్కన పెట్టారు.

“ఇన్నాళ్లూ వేరే మీట నొక్కానండీ.”

“పోన్లే, ఇప్పటికైనా తెలిసింది. కాఫీ పెట్టి ఉంచు, వచ్చేస్తా.”

ఆవిడ కాఫీ పెట్టి, చీర మార్చుకుని వచ్చి, పెట్టె మీద రీస్టార్ట్ మీట నొక్కారు. సరైన మీటే. తెర ఆరి, కాసేపటికి వెలిగింది. బొమ్మలన్నీ వాటి వాటి వరసల్లో ఉన్నాయి. భాస్కరం గారు లేరు. కుర్చీలోనూ లేరు. ఆవిడ ఫోన్ పట్టుకుని ఏడ్చేశారు.

“లోపల కనిపిస్తన్నారాండీ?” అని అడిగాడు ఆదిశేషు.

“లేరు బాబూ.”

“మరింక ఫిర్యాదేముందండి? పరిష్కారమైపోయినట్టే.”

“బయట కూడా లేరు బాబూ!”

“బయట సంగతి మేం చూడమండి. ఇంతకీ ఆపేముందు ఆయన్ని సేవ్ చేశారా?”

“అంటే ఏంటి బాబూ? మేమింకా ‘ర’ లోనే ఉన్నాం.”

ఆదిశేషు, కేంద్రం సేవకు అయిదు చుక్కల్లో ఎన్ని ఇస్తారో చెప్పమని అడిగాడు. అతను మంచివాడే, విసుక్కోకుండా మాట్లాడాడు కదా అని ఆవిడ అయిదూ ఇచ్చారు.

మరుసటి వారం తరగతి ‘స’ కు వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టు దాచుకోవడమే సేవ్ అనీ, అది ఆపడానికి ముందే చెయ్యాలనీ మాస్టారు బోర్డు మీద రాశారు. ఎవరైనా సొంత అనుభవంలోంచి ఒక ఉదాహరణ చెప్పమన్నారు. సత్యవేణి గారు లేచి నిలబడి, అన్ని పదాలూ వాటి వాటి చోట్ల సరిగ్గా వాడుతూ, జరిగింది జరిగినట్టు చెప్పారు.

“చాలా బాగా చెప్పారండి,” అన్నారు మాస్టారు. అందర్నీ రాసుకోమన్నారు. అందరూ రాసుకున్నారు.